చుక్కలు చూచుటకు చోటు

పెండ్లినాడు పురోహితుడు వధూవరులను ఆరుబయటికి తోడ్కొనివచ్చి అరుంధతీ నక్షత్రమును చూపుట మన తెలుగు ఇండ్లలో తరతరముల ఆచారము. వరుడు వ్రేలెత్తి చూపును. వధువు తల యూపును. కాని నేడు శ్రీకాకుళము, విజయనగరము వంటి పట్టణములలో పెండ్లిపందిరి దీపముల నడుమ నిలిచినవారికి ఆ చుక్క నిజముగా కనబడుచున్నదా? పగటి ముహూర్తముల మాట అటుంచినను, రాత్రి ముహూర్తములలో సైతము అది తలయూపుగానే మిగిలిపోవుచున్నది. అరుంధతి ఎక్కడికిని పోలేదు. సప్తర్షి మండలపు తోకలో నడిమి చుక్కయైన వసిష్ఠుని చెంతనే, ఎప్పటివలె మినుకుమినుకు మనుచునే యున్నది. మనము వెలిగించుకొన్న వెలుగే ఆమెను కప్పివేసినది.

ఆమెను మరల చూడవలెనన్న చాల దూరము పోవలెనని పలువురు తలంతురు. హిమాలయములకో, పెద్ద దూరదర్శినులున్న వేధశాలలకో పోవలెనని యెంచుదురు. అది నిజము కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోను, వానినుండి 2022 ఏప్రిల్‌లో వేరుపడిన పార్వతీపురం మన్యము జిల్లాలోను, పట్టణము విడిచి ఒక గంట ప్రయాణము చేసినచో మంచి చీకటి ఇంకను దొరకును. అయితే చీకటి అన్నివైపుల ఒక్క తీరుగా నుండదు. మనము చూడదలచిన చుక్క ఏ దిక్కున నున్నదో, ఆ దిక్కు చీకటిగాను, తెరపిగాను ఉన్న చోటునే ఎన్నుకొనవలెను. ఈ ప్రసంగపు సారమంతయు ఇదియే.

మొదట దీపము చుక్కను ఎట్లు మరుగుపరచునో తెలిసికొందము. వీధిదీపమునుండి పైకిని, ప్రక్కలకును చిమ్మిన వెలుగు గాలిలోని అణువులను, ధూళిని, తేమను తాకి చెదరును. అట్లు చెదరిన వెలుగు పట్టణముపై తెల్లని గొడుగువలె నిలుచును. మసక చుక్కలు ఆ గొడుగు వెలుగులో కలిసిపోవును. గాలి అణువులు పసుపు కాంతికంటె నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టును. పగటి ఆకాశము నీలముగా నుండుటకు కారణము ఇదియే. పాత సోడియం దీపముల పసుపు వెలుగుతో పోల్చినచో, తెల్లని ఎల్.ఇ.డి. దీపములలోని నీలికాంతి ఇంచుమించు మూడు రెట్లు ఎక్కువగా చెదరును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకిన పిదప ఆ నగరపు వీధిదీపములు ఎల్.ఇ.డి.లుగా మారినవి. చిన్న పట్టణములకును, పల్లెలకును నేడు అవియే చేరినవి. విద్యుత్తు ఆదాయైనది, ఆ మేలును కాదనరాదు. కాని ఆకాశము మాత్రము తెల్లబడినది.

చుక్కలు చూచువారు దీపములకు దూరముగా జరుగుచు వచ్చుట మన నాట క్రొత్త సంగతి కాదు. 19వ శతాబ్దమున విశాఖపట్టణపు జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు, మదరాసు వేధశాలాధిపతియైన టేలరు దొరవద్ద జ్యోతిశ్శాస్త్రము నభ్యసించి, 1840 ప్రాంతమున డాబాగార్డెన్సులో సొంతముగా ఒక వేధశాలను నెలకొల్పిరి. వారి అనంతరము అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని నడిపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబముమీదుగా సాగిన వింతను పరిశీలించిరి. ఆ డాబాగార్డెన్సు నేడు నగరపు నడిబొడ్డు. హైదరాబాదులో 1901లో ఆరంభమైన నిజామియా వేధశాల పిమ్మట బేగంపేటకు తరలెను. బేగంపేట చుట్టును నగరము పెరుగగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 1960 దశకమున 48 అంగుళముల దూరదర్శినిని దూరముననున్న రంగాపురమున నిలిపిరి. నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడైన వేణు బప్పుగారు, అదే దశకమున, తమిళనాటి జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొనిరి. 2022లో లడఖులోని హాన్లే పరిసరములు చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతముగా ప్రకటింపబడినవి.

శాస్త్రజ్ఞులకు కొండలెక్కక తప్పలేదు. మనవంటి వారికి అంత అవసరము లేదు. మన పొరుగుననున్న ఒడిశాలో, ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరులు (1835–1904) దూరదర్శిని లేకయే, వెదురుతో చేసికొన్న పనిముట్లతో గ్రహగతులను కొలిచి ‘సిద్ధాంత దర్పణము’ను రచించిరి. కన్ను, చీకటి, ఓర్పు — ఈ మూడును ఉన్నచో ఆరంభమునకు చాలును.

ఇక మన యున్నచోటి భాగ్యమును గుర్తింపవలెను. శ్రీకాకుళము, విజయనగరము రెండును ఉత్తర అక్షాంశము 18 డిగ్రీల దాపున నున్నవి. కావున ధ్రువనక్షత్రము మనకు ఉత్తర దిగంతమునకు 18 డిగ్రీల ఎత్తున నిలుచును. చేయి చాచి పిడికిలి బిగించి చూచినచో ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అనగా ధ్రువుడు రెండు పిడికిళ్లకు కొంచెము తక్కువ ఎత్తున నుండును. దక్షిణమున అగస్త్య నక్షత్రము తన శిఖరస్థానమునకు వచ్చినపుడు అదియు సరిగా ఇంచుమించు అంతే ఎత్తున, 19 డిగ్రీల చెంత, వెలుగును. రాత్రి ఆకాశపు చుక్కలలో ప్రకాశమున అగస్త్యుడు రెండవవాడు. ఢిల్లీవారికి అతడు దిగంతమునుండి 9 డిగ్రీల లోపుననే కనిపించును. లండనువారికి ఎన్నడును కనిపింపడు. మరియు దక్షిణమున సిలువ ఆకారముతోనున్న నాలుగు చుక్కలను త్రిశంకువని మనవారు వ్యవహరింతురు. అవి మనకు 9 డిగ్రీలు మొదలు 15 డిగ్రీల లోపు ఎత్తుననే తిరిగి అస్తమించును. ఒక కొబ్బరితోట అడ్డమున్నను, ఒక ఊరి వెలుగు అడ్డమున్నను త్రిశంకువు దక్కడు.

కనుక దక్షిణపు చుక్కలకు సముద్రతీరమే తగిన చోటు. మన తీరము ఈశాన్యమునుండి నైరుతికి వాలియున్నది. తీరమున నిలిచి నేరుగా దక్షిణమునకు చూచినచో ఎదుట నీరే గాని ఊరు లేదు. శ్రీకాకుళమునకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, వంశధార సముద్రమున కలియుచోట నున్న కళింగపట్టణము ఇందులకు మిక్కిలి అనుకూలము. పట్టణపు వెలుగు పడమట వెనుకబడును. విశాఖ వెలుగు నైరుతిమూల, నూరు కిలోమీటర్లకు పైగా దూరమున, దిగంతమునంటి యుండును. తూర్పు, ఆగ్నేయము, దక్షిణము మూడును తెరపి. దీపస్తంభపు కిరణము కంట పడకుండ దానికి దూరముగా నడచి, వీపు దానివైపు త్రిప్పి కూర్చుండవలెను. దాపుననున్న శాలిహుండము కొండ ఎత్తైనదే. కాని అది పురావస్తుశాఖవారి సంరక్షణలోని బౌద్ధస్థలము కనుక రాత్రివేళ అచ్చటికి పోరాదు.

ఇంకను గాఢమైన చీకటి కావలసినవారు సోంపేట దాపుననున్న బారువకు పోవచ్చును. శ్రీకాకుళమునుండి నూరు కిలోమీటర్ల పైబడిన దారి. అచ్చట ఉత్తరమున బరంపురపు వెలుగు కొంత కనిపించును. దక్షిణము మాత్రము నిర్మలము. విజయనగరమువారికి పూసపాటిరేగ దాపుననున్న చింతపల్లి తీరము సుమారు 30 కిలోమీటర్లు. అచ్చట వెనుకవైపు పైడిభీమవరపు కర్మాగారముల కాంతియు, నైరుతిమూల భోగాపురము, విశాఖపట్టణముల కాంతియు కలదు. అయినను ఆగ్నేయమునకు ముఖముపెట్టి కూర్చున్నవారికి లోపము లేదు.

ఉత్తరపు చుక్కలకును, నడినెత్తి చుక్కలకును లోపలి ప్రాంతములు మేలు. విజయనగరమునకు పడమరగా గోస్తనీనదిపై కట్టిన తాటిపూడి జలాశయమును తీసికొందము. తూర్పుకనుమల పాదములనున్న ఈ చోటు పగలు ఎంత రమ్యమో చాలమంది ఎరుగుదురు. రాత్రి అచ్చటికి అగస్త్యుని చూడబోయినవారు మాత్రము నిరాశ చెందుదురు. ఏలయనగా విశాఖపట్టణము దానికి నేరుగా దక్షిణమున, ఏబది కిలోమీటర్ల దాపున నున్నది. అదే గట్టుపై ఉత్తరమునకు తిరిగి కూర్చున్నచో ధ్రువుడు, సప్తర్షులు, నడినెత్తికి చేరువగా పిల్లలకోడి చక్కగా కనిపింతురు. రాజామునకు ఉత్తరముగా, వంగర మండలములోని మడ్డువలస జలాశయపు పరిసరములును ఇట్టివే. అచ్చట విశాఖ వెలుగు మరింత దూరము, ఆకాశము మరింత విశాలము. ఒక్క తాటిపూడి మంచిదా కాదా అను ప్రశ్నకు ‘ఉత్తరమునకు మంచిది, దక్షిణమునకు కాదు’ అనునదే సరియైన ప్రత్యుత్తరము. మీ యూరి చెరువుగట్టును సైతము ఇట్లే పరీక్షింపుడు.

పరీక్ష సులభము. పగటివేళ ఒకమారు పోయి చెట్లు, స్తంభములు, గుంటలు చూచుకొనవలెను. చీకటిపడిన పిదప నాలుగు దిక్కులను కలయజూచి ఏ మూలన తెల్లని గొడుగున్నదో గుర్తింపవలెను. పిదప ఆకాశమునే అడుగవలెను. చలికాలమైనచో పిల్లలకోడిని, అనగా కృత్తికలను లెక్కింపుడు. ఆరు చుక్కలు విడివిడిగా లెక్కకు వచ్చినచో చోటు మంచిది. ఏడును, అంతకు మించియు వచ్చినచో చాల మంచిది. మసకముద్దగా మాత్రమే తోచినచో ఇంకొంచెము దూరము పోవలెను. వేసవియైనచో సప్తర్షులను చూడుడు. ఏడుగురిలో మసకయైనవాడు తోక మొదటనున్న అత్రి. అతడును కనబడక పోయినచో అది పట్టణపు ఆకాశమే. వసిష్ఠుని ప్రక్కన అరుంధతి వెదకకయే కనబడినచో మీకు చోటు దొరకినట్లే.

కంటికి కొంత వ్యవధి నీయవలెను. వెలుగునుండి చీకటిలోనికి వచ్చిన కన్ను పూర్తిగా సర్దుకొనుటకు ఇరువది మొదలు ముప్పది నిమిషములు పట్టును. ఈలోపల ఎవరైన సెల్‌ఫోను వెలిగించి చూపినచో, ఆ లెక్క మరల మొదటికి వచ్చును. చేతిదీపము తప్పనిసరియైనచో దానికి ఎర్రని కాగితము చుట్టుడు. మసక వెలుతురును పట్టుకొను కంటి కణములను ఎర్రకాంతి అంతగా బాధింపదు.

చోటువలెనే కాలమును ఎన్నుకొనవలెను. అందులకు గోడమీది పంచాంగము చాలును. బహుళ దశమి మొదలు శుద్ధ తదియవరకు సాయంకాలపు ఆకాశము చంద్రుని వెలుగు లేక యుండును. జూన్ మొదలు అక్టోబరు వరకు మబ్బులు. అక్టోబరు, నవంబరులలో తుపానుల భయము. మార్గశిరము మొదలు ఫాల్గుణము వరకు మన ఆకాశము స్వచ్ఛము. అయితే తెల్లవారుజామున లోయలలో మంచు పట్టును. మాఘము దాటిన పిదప కొండవాలులలో పోడుకు పెట్టిన మంటల పొగ ఆవరించును.

మన మాసముల పేర్లే ఒక దారి చూపును. కార్తికమున పున్నమిచంద్రుడు కృత్తికల చెంత నుండును. మార్గశిరమున మృగశిర చెంత నుండును. చంద్రుడు పూర్ణుడై నిలిచిన నక్షత్రము రాత్రియంతయు ఆకాశమున నుండునని దీని అర్థము. కనుక ఆ చుక్కను ఆ మాసపు అమావాస్య దినములలో చూచుట మంచిది. సేద్యగాండ్ర కార్తెల లెక్క దీనికి ఎదురుగా నడచును. జూన్ మొదటి వారము ముగియునపుడు వచ్చు మృగశిర కార్తెలో సూర్యుడే మృగశిర చెంత నుండును. ఆ చుక్క అపుడు పగటి వెలుగులో మునిగి కనబడదు. వానకు కార్తె, చూపునకు మాసము అని గుర్తుంచుకొనవచ్చును.

ఫిబ్రవరి రెండవ వారమున రాత్రి 9 గంటలకు అగస్త్యుడు నేరుగా దక్షిణమున నిలుచును. త్రిశంకువు మార్చి చివర నడిరేయికిని, మే నడుమ రాత్రి 9 గంటలకును దక్షిణమునకు వచ్చును. నవంబరు, డిసెంబరు సాయంకాలములందు ఉత్తరాభాద్ర చెంత, నడినెత్తికి కొంచెము ఉత్తరముగా, చిన్న పొగమరకవంటిది మసకగా కనబడును. అది మన పాలపుంతకు పొరుగుననున్న మరియొక నక్షత్రసముదాయము. దాని వెలుగు మనలను చేరుటకు 25 లక్షల సంవత్సరములు పట్టినది. దూరదర్శిని లేని కంటికి అందు మిక్కిలి దూరపు వస్తువులలో అది యొకటి; తాటిపూడి గట్టునుండి, మడ్డువలస గట్టునుండి దానిని వెదకవచ్చును. పాలపుంతలో మిక్కిలి వెలుగైన భాగము మూలా నక్షత్రపు పరిసరములలో నున్నది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మాసములలో, శుద్ధపక్షపు తొలి పది దినములలో, తెల్లవారుజాము నాలుగు గంటలకు లేచి కళింగపట్టణపు ఇసుకపై నిలిచినవారికి అది సముద్రముపై వ్రేలాడు పలుచని మబ్బువలె కనిపించును. అది మబ్బు కాదు. లెక్కకు అందని చుక్కల వెలుగు.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు అవసరము. సీతంపేట, పాలకొండ, కొమరాడ వైపు ఏజెన్సీ కొండలలో చీకటి గాఢమే. కాని ఒడిశా వైపునుండి వచ్చిన అడవి ఏనుగులు కొన్నేండ్లుగా ఆ పరిసరములలో తిరుగుచున్నవి. ఉద్దానమున మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు జీడితోటలలో ఎలుగుబంట్ల భయము కలదు. కనుక అటవీశాఖవారిని, ఆ యూరి పెద్దలను అడుగక ఆ తోవల రాత్రివేళ పోరాదు. తీరమునకు పోవునపుడు మత్స్యకారుల పల్లెలో ముందుగా చెప్పిపోవుట మర్యాదయు, క్షేమమును కూడ. ఆటుపోటుల సంగతి, నదీముఖమున ఊబి యున్న చోటు వారికి తెలిసినట్లు మరెవరికిని తెలియదు. నలుగురు కలిసి పొండు. కర్రయు, చెప్పులును మరువకుడు.

ఆ తీరమున చీకటి మనకొక్కరికే కావలసినది కాదు. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు మన జిల్లాల తీరమునకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. ఇంచుమించు ఏడెనిమిది వారములకు పిల్లలు వెలుపలికి వచ్చును. రాత్రివేళ నేలకంటె సముద్రపు దిక్కు వెలుగుగా నుండుట ప్రకృతి నియమము. ఆ వెలుగును నమ్ముకొనియే అప్పుడే పుట్టిన పిల్ల నీటికి పరుగిడును. ఒడ్డుననున్న దీపము సముద్రముకంటె ప్రకాశించినచో, ఆ పిల్ల వెనుదిరిగి దీపమువైపు ప్రాకి, కుక్కలకో, కాకులకో, ఉదయపు ఎండకో బలియగును. మనము పాలపుంతను చూడబోవు మాసములును, ఆ పిల్లలు సముద్రమును వెదకు మాసములును ఇంచుమించు ఒక్కటే. ఒకే చీకటి ఉభయులకును దారి చూపుచున్నది.

ఇంతమాత్రముచేత దీపములు వలదని నా భావము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దాపున తీరమును దాటిన పిదప ఉద్దానపు పల్లెలు దినములతరబడి విద్యుత్తు లేక గడిపినవి. అట్టి చీకటిని ఎవరును కోరరాదు. పల్లెకు వీధిదీపము వచ్చుట ఎంత ఎదురుచూపుల ఫలమో పెద్దలకు తెలియును. కోరదగినది ఒక్కటే — వెలుగు నేలమీద పడవలెను గాని ఆకాశమున పడరాదు. దీపముపై చిప్పవంటి మూత, తెలుపునకు మారుగా పసుపు ఛాయగల బల్బు, అవసరము తీరగానే ఆర్పు అలవాటు: ఈ మూడింటివలన దారిన పోవువానికి లోటు లేదు, విద్యుత్తునకు ఖర్చు తగ్గును, తాబేటిపిల్లకు దారి దొరకును. తీరపు పంచాయతీలు ఈ సంగతిని తమ సభలలో చర్చించినచో మంచిది.

మంచి చోటు ఒకసారి కనుగొన్నంత మాత్రమున మనకు శాశ్వతముగా దక్కదు. డాబాగార్డెన్సు, బేగంపేట ఒకనాడు చీకటి చోట్లే. కళింగపట్టణము, బారువ, మడ్డువలస మన మనుమల నాటికి మిగులునో లేదో మనము నేడు వెలిగించు దీపములమీద ఆధారపడియున్నది. ముందు మీ మేడమీదనే ఆరంభింపుడు. రాబోవు అమావాస్యనాటి రాత్రి వార్తలు ముగిసిన పిదప వసారాలోని దీపమార్పి, పిల్లలను వెంటబెట్టుకొని పైకి పోయి, అరగంటసేపు కూర్చుండి, ఎన్ని చుక్కలు లెక్కకు వచ్చినవో ఒక కాగితముపై వ్రాయుడు. మరుసటి అమావాస్యకు చెరువుగట్టునుండియో, సముద్రతీరమునుండియో అదే లెక్క తిరిగి వ్రాయుడు. రెండు లెక్కలకు నడుమనున్న తేడాయే మనము కోల్పోయినది. రెండవ లెక్క ఇంకను మనకు మిగిలియున్నది.